“ఏమో” అన్న తల్లి

“ఏమో” అనేవాళ్లంటే నాకు మొన్నమొన్నటిదాకా చిరాకు. అవునో కాదో తేల్చి చెప్పాలి. ఆ చిరాకు ఒక బస్సులో తగ్గింది.

ఉదయగిరిలో ఎక్కిన బస్సు దుత్తలూరు దాటాక ఏదో గుంతలో పడి ఎగిరింది. నా పక్కన ఒక తల్లి, ఆమెకు అవతల కిటికీ దగ్గర కాలేజీ వయసు కూతురు. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

“అమ్మా, బస్సు కింద ఎవరన్నా పడినారా?”

“ఏమోమ్మా,” అంది తల్లి.

“చెప్పు మా. మనిషేనా?”

“ఏమో.”

నాకు ఒళ్లు మండింది. మన బస్సుల్లో ఒకరు అడిగితే పదిమంది జవాబు చెబుతారు. కన్నతల్లికి ఏం రోగం? “గుంత తల్లీ...” అనబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“చెప్పబాకక్కా. దీనికి ఓసీడీ అంట, ఒకటే అనుమానం మళ్లా మళ్లా పీడించే జబ్బు. ఏం కాలేదని చెప్తే కాసేపు బాగుంటాది, మళ్లా అడగతాది. ఆ భయాన్ని అదే దాటుకోవాల, మీరు ఊరడించబాకండి అన్నాడు డాక్టరు.”

ఆమె రెండో చెయ్యి మాత్రం కూతురి వేళ్లను వదల్లేదు. పిల్ల వెనక్కి తిరిగి రోడ్డు చూడబోయి ఆగింది. కళ్లు మూసుకుంది. చాలాసేపటికి ఊపిరి వదిలి, “ఆకలేస్తా ఉండాది,” అంది.

ఆత్మకూరులో దిగుతూ ఉండబట్టలేక తల్లిని అడిగాను. “పూర్తిగా నయమవుతుంది కదమ్మా?”

తల్లి నోరు తెరిచేలోపే కిటికీ దగ్గర పిల్ల నవ్వింది.

“ఏమో ఆంటీ!”