కుందేలు కడుపులో సూది

ఈ రోజు నా మొదటి క్రోషియా బొమ్మ పూర్తయింది. ఆబిడ్స్ నుంచి అన్న తెచ్చిన తెల్ల ఊలుతో అల్లిన చిన్న కుందేలు. దూది కూరి, మెడ కుట్టి, వదిన కూతురికిచ్చాను. ఏడాది పాప, వెంటనే చెవి నోట్లో పెట్టుకుంది.

అప్పుడు చూస్తే సూది లేదు. దూదిలో ఉండిపోయిందేమోనని గుండె ఆగినంత పనైంది. బొమ్మ లాక్కుని ఊలు కొస లాగాను. వారం రోజుల అల్లిక నిమిషంలో ఊడిపోయింది. దూదిని లాంతరు ముందు పోగు పోగుగా విప్పాను. అందులోనూ లేదు. పాప మింగిందా?

"ఏం దేవులాడుతున్నవే?" అంది వదిన, ఏడుస్తున్న పాపను ఎత్తుకుంటూ.

"సూది, వదినా. పాప నోరు జర చూడు."

వదిన పాప నోట్లో వేలు పెట్టి చూసి, నావైపు తిరిగింది. "నీ జడల్నే గుచ్చుకున్నవ్ గదనే."

జడ తడిమి సూది తీసుకున్నాను. మళ్ళీ అల్లడానికి ఊలుంది, ధైర్యమే లేదు. కుట్టేటప్పుడు మీరు సూది ఎక్కడ పెడతారు?