ఎర్రోడి ముక్కు కారిన చలికాలం

పోయిన వారం మా అపార్ట్‌మెంటు లిఫ్టులో నాలుగో అంతస్తు అమ్మాయి తన కుక్కపిల్లను ఎత్తుకుని ఎక్కింది. దానికి ఊలు చొక్కా తొడిగింది గానీ ముక్కు ధారగా కారుతోంది, అది తుమ్మినప్పుడల్లా ఆ అమ్మాయి కాగితపు రుమాలుతో తుడుస్తోంది. మేము సిటీలో సుచిత్ర ప్రాంతంలోని ఈ ఫ్లాటుకు వచ్చి ఆరేళ్ళు, మా ఆవిడ పోయి నాలుగేళ్ళు, లిఫ్టులో ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడిన గుర్తు లేని నేను ఆ వేళ ఉన్నట్టుండి, “రెండు వైపులా కారుతోందా అమ్మా, ఒక్క వైపేనా? దాన్ని దేనిమీద పడుకోబెడుతున్నావు?” అని అడిగేశాను. డాక్టరుకు చూపించడానికే వెళ్తున్నామని చెప్పి, తలుపు తెరుచుకోగానే ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఏ పనిమీద కిందికి దిగానో మరిచిపోయి, అదే లిఫ్టులో మళ్ళీ పైకి వచ్చేశాను.

ఆ ప్రశ్నలు నన్ను నలభై ఏళ్ళ కిందట ఒక డాక్టరుగారు అడిగినవి. అప్పుడు శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్ళే దారిలో మా మేనమామకు ద్రాక్షతోట ఉండేది. ఈ తరానికి చెబితే నమ్మరు గానీ, మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ చుట్టుపక్కల ఎటు చూసినా రాతి కూసాలు పాతి వేసిన ద్రాక్ష పందిళ్ళే. కృష్ణాజిల్లాలో డిగ్రీ తప్పి ఊరికే తిరుగుతున్న నన్ను మా అమ్మ ఆ తోటకు సూపర్వైజరుగా పంపించింది. మామయ్య సిటీలో ఉండి ఆదివారం ఆదివారం వచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ మోటారు గది పక్కన రేకుల షెడ్డులో నేను ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. పనికి వచ్చే ఆడవాళ్ళు ఎనిమిది మంది పక్క ఊరినుంచి పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోయేవారు. వాళ్ళ మాట నాకు సగం అర్థమయ్యేది కాదు, అర్థం చేసుకోవాలని నేను పెద్దగా ప్రయత్నించిందీ లేదు. అందరిలోకీ పెద్దావిడను అందరూ అవ్వ అనేవారు, నేనూ అవ్వ అనే పిలిచేవాణ్ణి.

నాకున్న తోడల్లా తోటతోపాటు వచ్చిన ఎర్ర కుక్క. దాన్ని వాళ్ళు ఎర్రోడు అనేవారు. నేను అన్నం వండుకుంటుంటే గుమ్మంలో కూర్చునేది, తింటుంటే నా ముఖంలోకి చూసేది. ఇంటిమీద బెంగపుట్టిన రోజున దానితో నా గోడంతా వెళ్ళబోసుకునేవాణ్ణి. రెండో చలికాలం వచ్చినప్పుడు, పాపం నేలమీద వణుకుతోందని, తోటలో ఖాళీ అయిన గోనెసంచులు తెచ్చి నాలుగు మడతలు వేసి నా మంచం పక్కనే పక్క పరిచాను. అది ఎంత సంతోషంగా ముడుచుకుని పడుకుందో ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంది.

పదిరోజులు తిరక్కుండానే దాని ముక్కు కారడం మొదలైంది. మొదట నీళ్ళలా, తర్వాత ఆగకుండా. తుమ్ములు, తల విదిలించడాలు, ఎర్రబడ్డ కళ్ళు. తిండి దగ్గరకు వచ్చి ముక్కు పెట్టి, వాసన తగలక కాబోలు, వెనక్కి తిరిగిపోయేది. నాకు జలుబు చేసినప్పుడు వేసుకునే మాత్రలో సగం పొడిచేసి పాలల్లో కలిపి పట్టాను. అది మరింత డీలాపడి సోలిపోయింది. పనివాళ్ళలో ఎవరో దానికి పిచ్చెక్కిందన్నారు, ఇద్దరు పని మానేశారు. ఆదివారం వచ్చిన మామయ్య దూరంనుంచే చూసి, “మళ్ళీ వారానికి ఇది ఇక్కడ కనపడకూడదురా. చెరువు అవతల వదిలేసి రా, లేకపోతే నేనే ఏదో ఒక ఏర్పాటు చేయిస్తా” అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ద్రాక్ష పళ్ళు పంపే వెదురుబుట్టలో దాన్ని కూర్చోబెట్టి, సైకిలు క్యారియరుకు కట్టి, మేడ్చల్ పశువుల దవాఖానాకు తొక్కాను. అంతదూరమూ అది నా వీపుకు ముక్కు ఆనించి తుమ్ముతూనే ఉంది. అక్కడి డాక్టరుగారు తొందరపడే మనిషి కాదు. రెండు వైపులా కారుతోందా, నీళ్ళలా ఉందా పసుపుపచ్చగా చిక్కగా ఉందా, జ్వరముందా, దగ్గుందా అని ఒక్కొక్కటే అడిగి, దాని కనురెప్పలు ఎత్తి చూసి, ఆఖరున, “యాడ పండుకుంటది?” అన్నారు. సంచుల మీదన్నాను.

“ఏం సంచులు?”

“గంధకంవి సార్” అంటుండగానే నాకు తట్టింది. బూడిద తెగులుకు పందిళ్ళకు చల్లే గంధకం సంచులవి. ఎంత దులిపినా వాటి నేతలో పసుపు పొడి ఉండనే ఉంటుంది. రోజూ రాత్రి నా చేతులతో సర్ది, తల నిమిరి, నేనే దాన్ని ఆ పొడిలో పడుకోబెట్టాను.

డాక్టరుగారు నన్ను తిట్టింది మాత్రకు మాత్రమే. మనుషుల మందులు కుక్కలకు వేస్తే ప్రాణం మీదికి వస్తుందన్నారు. గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు కడగమని, ముక్కు మెత్తటి బట్టతో అద్ది, పగిలిన చోట కాస్త కొబ్బరినూనె రాయమని, తిండి వేడిచేసి పెడితే వాసన తెలిసి తింటుందని చెప్పారు. చిక్కగా పసుపుపచ్చగా మారినా, ఒక్క వైపునుంచే కారినా, రక్తం కనిపించినా వెంటనే మళ్ళీ తీసుకురమ్మన్నారు.

తిరిగొచ్చేసరికి అవ్వ పందిరికింద గుడ్డమూటలో గంధకం పోసుకుని, చేతులు పైకెత్తి ఆకుల మీదికి దులుపుతోంది. దానికి పిచ్చీ లేదు, ఏమీ లేదు, అంతా ఈ పొడివల్లేనని సంబరంగా చెప్పాను. ఆవిడ మూట దించి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“గట్లనా సారూ. గీ పొడి పడితె నాగ్గూడ గిట్లనే కారుతది. కండ్లు మండుతయి, రాత్రి దమ్ము పడతది, ఊపిరాడదు. శానేండ్లాయె.”

“మరి చెప్పలేదేం అవ్వా?”

“ఎవలడిగిండ్రు బిడ్డా?” అని నవ్వి, “ఇగ మంచిగైతదా ఎర్రోడు?” అంది.

ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేదేమో. రెండు చలికాలాలు ఆ తడికొంగు చూస్తూనే ఉన్నాను. ముసలితనమనుకున్నానో, అసలేమీ అనుకోలేదో. కుక్క కోసం అంతదూరం సైకిలు తొక్కినవాణ్ణి, నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషిని ఒక్క మాట అడగలేదు.

మర్నాడు ఒక వరుస నేనే చల్లి చూశాను. సగానికి రాకముందే కళ్ళు కనపడలేదు. గాలి లేని పొద్దుటిపూట మాత్రమే చల్లాలని, ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలని చెప్పి, గుడ్డలు తెచ్చిచ్చాను. ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడేం కొత్తగా వచ్చిందని మామయ్య విసుక్కున్నాడు గానీ అడ్డుపెట్టలేదు. అవ్వను గుత్తులు కత్తిరించే పనికి మార్చాను. ఎర్రోడికి వరిగడ్డి పరిచాను. వెచ్చటి పాలల్లో జొన్నరొట్టె నానబెట్టి మధ్యాహ్నం అవ్వే తినిపించేది. వారంలో ముక్కు ఆరింది; మామయ్య వచ్చేనాటికి అది ఎదురెళ్ళి మొరిగింది.

తర్వాత జరిగింది నేను అనుకోనిది. సాయంత్రం అవ్వ ఇంటికి బయలుదేరితే అది గేటుదాకా సాగనంపడం మొదలుపెట్టింది, కొన్నాళ్ళకు రోడ్డుదాకా, ఒకరోజు ఆవిడ వెనకాలే ఊళ్ళోకి వెళ్ళిపోయింది. పొద్దున ఆవిడతోనే పనికి వచ్చినట్టు వచ్చేది, ఆవిడతోనే వెళ్ళేది. “రా పోదాం” అని ఆవిడ పిలవగానే నావైపు ఒకసారి చూసి కదిలేది. నేనెప్పుడూ వెనక్కి పిలవలేదు. షెడ్డులో వరిగడ్డి మాత్రం చాలా రోజులు అలాగే ఉంచాను. ఆ కోత అయ్యాక నాకు బాలానగర్‌లో గుమాస్తా ఉద్యోగం వచ్చి తోట వదిలేశాను.

రిటైరయ్యాక ఒకసారి శామీర్‌పేట బస్సెక్కి అటు వెళ్ళాను. తోట ఉన్నచోట ఎత్తయిన గోడ, లోపల ఒకేరకం ఇళ్ళు, గేటు దగ్గర నా పేరు రాయమన్న మనిషి. అక్కణ్ణుంచి పక్క ఊళ్ళోకి నడిచి, ద్రాక్షతోటలో పనిచేసిన అవ్వ ఇల్లెక్కడని అడిగితే, “ఏ అవ్వ?” అన్నారు. నా దగ్గర పేరు లేదు. ఎర్రకుక్క ఉండేది అంటే, నా ఈడు ఆవిడ ఒకామె, “గామె మా అత్తనే” అని, అరుగుమీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆఖర్న దమ్ము ఎక్కువై అత్త చనిపోయిందని, ఎర్రోడు తాను పోయేదాకా ఆమె మంచం కిందనే పండుకునేదని చెప్పింది. ఆ దమ్ము గంధకందేనా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పేరైనా అడుగుదామనుకుని, ఇంతకాలానికి అడగడానికి సిగ్గుపడి లేచి వచ్చేశాను.

ఇప్పుడు నేను సైకిలు తొక్కిన ఆ మేడ్చల్ దారంతా దుకాణాలు, ఆసుపత్రులు. కుక్కలకు సైతం మంచి డాక్టర్లున్నారు, సంతోషమే. నా చుట్టూ ఈ ఒక్క భవనంలోనే వందమంది ఉంటారు, ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటే వరండాలో చప్పుడుండదు. ఆ రోజుల్లో తోటలో ఎవరూ లేరని అమ్మకు ఉత్తరాలు రాసేవాణ్ణి. పొద్దున్నుంచి సాయంత్రందాకా పందిరికింద ఎనిమిది మంది మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ, దగ్గుతూ ఉండేవారు.