చలికి చావని అరటి

ఉద్యోగమంటే నీడపట్టున కూర్చుని చేసే పని అనుకునే వయసొకటి ఉంటుంది. ఆ వయసులో నేను వృక్షశాస్త్రం డిగ్రీ చేతపట్టుకుని విరుదునగర్‌లో ఒక నర్సరీలో చేరాను. కోవిల్‌పట్టి నుంచి రోజూ బస్సులో నిలబడి వెళ్లి, పగలంతా నిలబడి పనిచేసి, మళ్లీ నిలబడే తిరిగొచ్చేవాణ్ణి. (కూర్చున్నట్టు గుర్తున్నది అన్నం తినేటప్పుడు మాత్రమే.) నెలలు గడిచినా అది ఇంకా "చూద్దాం" ఉద్యోగమే. ఊడితే పట్టుకుపోవడానికి మా మామ సిద్ధంగా ఉన్నాడు. అగ్గిపెట్టెల కంపెనీలో నాకోసం చోటు మాట్లాడి పెట్టి, ఎదురైనప్పుడల్లా "ఏమ్రా, ఇంకా సెట్లకే నీళ్లు పోస్తుండావా?" అని అడిగేవాడు. నాకు ఆ అగ్గిమందు వాసనంటే చిన్నప్పటి నుంచీ తలనొప్పి.

అప్పుడే మా మొదలాళికి (మా వైపు యజమానిని అలాగే అంటాం) కొడైకొండ మీద బంగళా ఉన్న ఒకాయన తగులుకున్నాడు. ఎక్కడో చలిదేశంలో చుట్టూ మంచు పడుతున్నా అరటిచెట్టు పచ్చగా నిలబడి ఉండటం ఆయన ఫోన్‌లో చూశాడట. అలాంటిది తన తోటలోనూ ఉండాలి. పిలకలు దొరకవు, విత్తనాలే దొరుకుతాయి, మొలిపించి ఇవ్వమన్నాడు. మొదలాళి ఆ పొట్లం నా చేతిలో పెట్టి, "తంబీ, చదువుకున్నవాడివి. ఇవి మొలిస్తే నువ్వు ఇక్కడే. మొలవకపోతే నీ దారి నువ్వు చూసుకో" అన్నాడు. విప్పి చూస్తే నల్లటి గులకరాళ్లు. గరుకు కాగితంతో రుద్ది, నానబెట్టి కుండీలో వేశాను. పగలు వేడి, రాత్రి చలి తగిలితేనే కళ్లు తెరుస్తాయట. వేడికి మా ఊళ్లో కరువు లేదు. చలి మాత్రం మా ఇంటి ఫ్రిజ్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

అలా కుండీ మా ఇంటికొచ్చింది. అవ్వ దాన్ని చూసి బుగ్గన వేలేసుకుంది. "అంటిని విత్తనమేసి మొలిపిస్తావా? తల్లి లేకుండా అంటి యాడ పుడుతుంది నాయనా?" (మా ఇళ్లలో అరటిని ఇప్పటికీ "అంటి" అనే అంటారు.) అమ్మకు ఆ సందేహాలేమీ లేవు, ఆమె బాధంతా దోసెపిండి గురించి. "నీ అంటికి సలి కావాలని నా పిండి ఎండలో కూసోవాలా?" అంటూనే కొన్ని వారాలు ఓర్చుకుంది. ఒకరోజు దోసె మట్టివాసన వచ్చేసరికి కుండీని ఫ్రిజ్‌లోంచి పెరట్లోకి గెంటేసింది. అప్పటి నుంచి బస్సుకు పోయేముందు దాని ముందు గొంతుకూర్చుని, నీళ్లు చిలకరించి, మట్టివైపు చూసి, నిట్టూర్చి లేవడమే నా దినచర్య. అవ్వకు అది అస్సలు నచ్చలేదు. "వట్టి ఉయ్యాల ఊపగూడదు, వట్టి తొట్టికి నీళ్లు పోయగూడదు. ఇంటికి ఆగదు, కీడు" అని గొణిగేది. నేను ఇంకో చెంబు నీళ్లు పోసేవాణ్ణి.

ఒక పొద్దున కుండీలో లావుపాటి మొలక! నేను వేసిన కేకకు పక్కింటివాళ్లు పాము అనుకుని కర్రతో వచ్చారు. విత్తనం నుంచి పుట్టిన అరటిని ఆ వీధిలో ఎవరూ చూడలేదు కాబట్టి ఇది అది కాదని ఎవరూ అనలేదు. నేనూ చూడలేదు, మా పాఠాల్లోనూ లేదు. మొదలాళి ఫొటో తీసి ఊరందరికీ పంపి, "నువ్వు ఇక్కడే" అనేశాడు. మామ నోరు మూతపడింది. మొక్క కాస్త ఎదిగాక కొడైకొండ ఎక్కింది. ఆ సాయంత్రం తిరుగు బస్సులో కంబిని పట్టుకుని నిలబడే హాయిగా నిద్రపోయాను.

చలికాలం రాగానే కొండ నుంచి ఫోన్. "చలికి చావదన్నారు! గడ్డి పరిచాను, కంబళి కప్పాను, చివరికి నా మఫ్లర్ కట్టాను. ఉడికిన వంకాయలా అయింది!" మొదలాళి ఫోన్ పెట్టేసి, నావైపు చూసి, "తంబీ, నిజం చెప్పు, అది ఏ ఊరి అరటి?" అన్నాడు. ఇంటికొచ్చి గడపమీద కూలబడి, "రేపు మామకు చెప్పండి, అగ్గిపెట్టెల కంపెనీకే వస్తాను" అన్నాను.

అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. "నేనే పెట్టినా నాయనా. మన పెరటంటి గడ్డలో ముక్క కోసి ఆ తొట్టిలో పెట్టినా. తెల్లారితే దాని ముందు కూసొని మొగం ఏలాడేసుకుంటివి. పావం, సూడలేకపోతి."

నాకు కోపం రావలసింది. ఏడుపొచ్చింది. "మరి నా విత్తనాలు?"

"అంట్లు తోమేకాడ పారబోస్తి."

పరుగెత్తాను. బూడిద, బియ్యం కడిగిన నీళ్ల మధ్య గడ్డిపోచల్లాంటి సన్నటి ఆకులు రెండు మూడు. "ఇవా? గడ్డి అనుకుని మొన్న కొన్ని పీకేస్తినే" అంది అమ్మ. ఎండలో పెట్టి, ఫ్రిజ్‌లో పెట్టి బతిమాలితే కదలనివి ఎంగిలినీళ్లకు కళ్లు తెరిచాయి. మర్నాడే ఒకటి పెరట్లో ఉంచి, మిగతావి మొదలాళి ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, "ఈసారి మీ అవ్వను దూరంగా పెట్టు" అని నన్ను ఉండనిచ్చాడు. వాటిలో కొండెక్కిన మొక్క అక్కడి చలికి తట్టుకుని బతికింది. పెరట్లో మిగిలింది ఎప్పటికో కాసింది, పండు నిండా రాళ్లే. అవ్వ ఒకటి కొరికి దవడ పట్టుకుని, "ఇందుకా నాయనా అన్ని పాట్లు పడితివి?" అంది.

అవ్వ ఇప్పుడు లేదు. నేను ఆ నర్సరీలోనే ఉన్నాను, ఇప్పటికీ నిలబడే. ఆమధ్య మా ఆవిడ వత్రాప్‌లోని పుట్టింటి నుంచి మామిడి టెంక తెచ్చి కుండీలో పాతింది. పుచ్చుటెంక, మొలవదని నాకు తెలుసు. రోజూ పొద్దున్నే నీళ్లు పోసి, గొంతుకూర్చుని, మట్టివైపు చూసి లేచేది. ఎన్నాళ్లని చూస్తాను? నిన్న ఆమె లేవకముందే నర్సరీ నుంచి తెచ్చిన మామిడి మొలకొకటి అందులో పెట్టాను. ఇప్పుడు ఫోన్‌లో వాళ్లమ్మకు చెబుతోంది, "మన మామిడే, అచ్చం మన మామిడే!" అని. నేను గోళ్లలో మట్టి కనబడకుండా కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.