కుర్చీ గీరిన చోట

పంజాగుట్టలో మా ఆఫీసు. ఆ మధ్యాహ్నం పని చేసుకుంటూ ఉండగా ఉన్నట్టుండి వణుకు పట్టుకుంది. ఏసీ చలేమో అని చున్నీ కప్పుకున్నాను. తగ్గలేదు. బాత్రూమ్‌కి వెళ్లి చూసుకుంటే కుడి తొడ పక్కన ఎర్రగా కందిపోయి, ముట్టుకుంటే కాలుతోంది. మధ్యలో చిన్న గాయం.

అది ఎక్కడిదో నాకు తెలుసు. అంతకు రెండు రోజుల ముందు అమీర్‌పేటలో ఒక పార్లర్‌లో జుట్టు కత్తిరించుకున్నాను. నేను బాగా లావుగా ఉంటాను. ఆ కుర్చీ చేతుల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. కుర్చీ కుడి చేతికి రెగ్జిన్ చిరిగి, లోపలి స్క్రూ బయటికొచ్చింది. గుచ్చుకుంటున్నా పని అయ్యేదాకా కదల్లేదు. లేవబోతే కుర్చీ కూడా నాతోపాటు లేచింది. పక్కవాళ్లు చూశారు. ఎవరి ముఖమూ చూడకుండా బయటపడ్డాను.

మావారు అడిగితే తలుపు తగిలిందన్నాను. పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాను. తెల్లారేసరికి ఎరుపు మోకాలిదాకా దిగింది. సోమాజిగూడలో ఒక ఆసుపత్రికి వెళ్లాం. బ్లడ్ టెస్టులు, కాలిలో రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కాన్ చేశారు. సెల్యులైటిస్, అంటే చర్మం కింద ఇన్ఫెక్షన్ అన్నారు. షుగర్ ఉందని కూడా అప్పుడే బయటపడింది. అడ్మిట్ చేసుకుని ఐవీ యాంటీబయాటిక్స్ పెట్టారు.

డాక్టరు గారు ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, దెబ్బ ఎలా తగిలిందని అడిగారు. నేను బరువు తగ్గించుకుంటానని ఏదో చెప్పబోయాను.

“బరువు సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు ఈ గాయం ఎలా అయిందో చెప్పండి,” అన్నారావిడ.

చెప్పాను. మావారు అక్కడే ఉన్నారు. తలుపు కాదని ఆయనకు అప్పుడే తెలిసింది. నర్సు టీటీ ఇంజెక్షన్ ఇచ్చింది.

మందులు పడుతున్నా ఎరుపు ఆ గీత దాటింది. లోపల చీము పట్టింది, అబ్సెస్ అయింది, ఓపెన్ చేసి డ్రెయిన్ చేయాలన్నారు. కాలు పోతుందా అని మావారు అడిగారు. సమయానికి వచ్చారు కాబట్టి ఆ భయం లేదన్నారు డాక్టరు గారు. ఆపరేషన్ అయ్యాక ఇంటికొచ్చినా డ్రెస్సింగులు చాలాకాలం సాగాయి. గాయం లోపలి నుంచి మెల్లగా పూడాలట.

నడవగలిగాక ఒంటరిగా ఆ పార్లర్‌కి వెళ్లాను. ఆ స్క్రూ ఇంకొకరికి గుచ్చుకోకూడదని. నాకు జుట్టు కత్తిరించిన స్వప్నే ఉంది. సిరిసిల్ల వైపు అమ్మాయి. జరిగిందంతా చెప్పాను.

“మీరు ఇరుక్కొని కూసున్నది నాకు కనబడ్డదక్కా. అడిగితే ఏమనుకుంటరో అని ఊకున్న.”

“నేనూ అందుకే ఊరుకున్నానమ్మా,” అన్నాను.

ఆమె ఆ కుర్చీని వెనక గదిలోకి తోసేసి వచ్చింది. స్క్రూ సంగతి ఓనరమ్మకు ఫోన్ చేసి చెప్పింది. నా జుట్టు చిక్కులు కట్టి ఉంది. కత్తిరించుకుంటారా అని అడిగింది. వెయిటింగ్ హాల్లోంచి చేతుల్లేని వెడల్పాటి చెక్క కుర్చీ తెచ్చి, ఊగుతుందేమో అదిమి చూసింది. మెడ చుట్టూ కట్టే గుడ్డ చాలదని పెద్ద దుప్పటి కప్పింది. ఆ కుర్చీ పైకి లేవదు కాబట్టి తనే చిన్న స్టూలు మీద కూర్చుని కత్తిరించింది. తల పక్కకు తిప్పేముందు చెప్పింది. మధ్యలో, “ఏడన్న ఒత్తుకుంటుందా అక్కా?” అని నెమ్మదిగా, నాకు మాత్రమే వినబడేలా అడిగింది. నడుము నొస్తోందంటే వెనక దిండు పెట్టింది.

ఇప్పుడు షుగర్ మాత్రలతో అదుపులో ఉంది. తొడ మీద సొట్ట మిగిలింది. ఎక్కువసేపు నిలబడితే కాలు వాస్తుంది. కొంచెం తగ్గాను కానీ ఇప్పటికీ లావే. జుట్టుకి స్వప్న దగ్గరికే వెళ్తున్నాను.

నాలాంటి ఒళ్లున్నవాళ్లకు ఒక్క మాట. పార్లర్‌కి వెళ్లేముందు ఫోన్ చేసి, చేతుల్లేని గట్టి కుర్చీ ఉందా అని అడగండి. లేదంటే ఇంకోచోటికి చేయండి. అడగడానికి ఒక్క నిమిషం సిగ్గేస్తుంది, అంతే.