దోమకు పూచీ పడ్డ పెళ్లికొడుకు

మా పెళ్లిలో మామగారు కూతురి చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడిపించుకు రాలేదు. కూతురే ఆయన నడుం పట్టుకుని నడిపించుకొచ్చింది. పెళ్లికొడుకునైన నేను ప్రమాణం చేసే సమయానికి పళ్లు టకటకలాడిస్తూ నిలబడి ఉన్నాను. సిగ్గనుకున్నారు ఆడవాళ్లు. భయమనుకున్నారు మగవాళ్లు. రెండూ కాదు. ఈ ఘోరాన్నంతా, ఎవరూ అడక్కపోయినా, నా సొంత నోటితో నేనే ఏర్పాటు చేసుకున్నాను. ఎలాగో చెబుతాను, మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అరవైల నడిమి రోజులవి. అప్పట్లో నా ఉద్యోగం దోమల్ని పట్టడం. తేలిగ్గా తీసుకోకండి, సర్కారు ఉద్యోగం. చేతిలో ఒక గాజు గొట్టం, దాని చివర రబ్బరు గొట్టం. దోమ వాలిన చోట గాజు గొట్టం ఆనించి, రబ్బరు కొస నోట్లో పెట్టుకుని చప్పున పీలిస్తే దోమ లోపలికి వచ్చి పడుతుంది. నోట్లోకి రాకుండా మధ్యలో ఒక గుడ్డపీలిక అడ్డం ఉంటుంది. అది జారిపోయిన రోజు ఏమవుతుందో మాత్రం అడక్కండి. అలా పట్టిన దోమల్ని పైకి పంపితే, వాటి కడుపులో ఏ జబ్బు దాగుందో పెద్దవాళ్లు వెతికేవారు. ఈ పనికి నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని మరీ వెళ్లేవాణ్ణి. పెన్నుతో పనేమీ లేదు.

అంతకు ముందు ఏడాది వాకాడు చుట్టుపక్కల సముద్రపు ఊళ్లన్నిటినీ ఎముకల జ్వరం ఊడ్చిపెట్టింది. ఇప్పుడు డెంగీ అంటున్నారు. అప్పుడు మా డాక్టరుగారు మమ్మల్నందరినీ కూచోబెట్టి పాఠం చెప్పారు. “ఇది వైరస్ వల్ల వచ్చే జ్వరం. పగలు కుట్టే చారల దోమ దీన్ని మోస్తుంది. ఒకసారి వచ్చి తగ్గిన మనిషికి ఆ వైరస్ మళ్లీ రాదు” అన్నారు. అంతవరకు నేను మేలుకునే ఉన్నాను. ఆ మధ్యాహ్నం చేపల పులుసుతో కాస్త గట్టిగానే భోంచేశాను. డాక్టరుగారు “అయితే” అన్నారు. ఆ “అయితే” కూడా విన్నాను. తర్వాత గోడకు చేరగిలబడి హాయిగా నిద్రపోయాను. నా పెళ్లికి పట్టిన పీడంతా ఆ “అయితే” తర్వాతి మాటల్లోనే ఉంది.

ఉప్పుటేరు పక్కన ఒక చిన్న ఊళ్లో జకరయ్య మాస్టారని హెడ్మాస్టరు ఉండేవారు. చర్చిలో పెద్ద కూడా. ముగ్గురు కూతుళ్లు. పెద్దమ్మాయి సుగుణతో నాకు ప్రధానం అయింది. మాలో నిశ్చితార్థాన్ని ప్రధానం అంటారు. మాస్టారు తుఫానుకి కూడా జంకని మనిషి గాని, ఎముకల జ్వరం పేరెత్తితే మాత్రం వణికిపోయేవారు. పోయినేడు ఆయనకది వచ్చి, సుద్దముక్క పట్టుకునే శక్తి లేకుండా చేసి పోయింది. ఆ వారమంతా బడిపిల్లలు దేవుడికి వందనాలు చెప్పుకున్నారట.

పెళ్లి మే నెలలో అనుకున్నాం. జూన్‌లో సుగుణ టీచరు ట్రైనింగుకి నెల్లూరు వెళ్లాలి. చేరాక చదువు మధ్యలో పెళ్లి చేసుకోకూడదని అక్కడ నియమం. అంటే ఇప్పుడు తప్పితే రెండేళ్లు ఆగాలి. రెండేళ్లు! నాకు రెండు ఆదివారాలు ఆగడమే కష్టంగా ఉంది. సరిగ్గా అప్పుడు మాస్టారు మెలిక పెట్టారు.

“మద్రాసులో మళ్లా జొరాలంట అబ్బయా. పేపర్లో ఏసినారు. పెండ్లికి ఆడనించి మా బామ్మర్ది వస్తాడు. ఎందుకొచ్చిన గొడవ, వానలు పోయినాక పెట్టుకుంటే పోలా?”

నా గుండె జారి చెప్పుల్లో పడింది. వెంటనే ఊళ్లో మాట్లాడే మాట మానేసి, రేడియోలో వార్తలు చదివేవాడిలా గొంతు సవరించుకున్నాను.

“మీకు పోయినేడు జ్వరం వచ్చిందా, లేదా?”

“వచ్చిందా అంటావేంది? ఇప్పటికీ మోకాలు కలుక్కుమంటా ఉండాది.”

“నాకూ వచ్చింది. మీ ఊరందరికీ వచ్చింది. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రాదండీ. ఇక ఈ ఊళ్లో దోమ కుట్టినా చీమ కుట్టినా ఒకటే. దోమల సంగతి నాకు వదిలెయ్యండి. నాదీ పూచీ!”

అత్తగారు రాహేలమ్మ మురిసిపోయింది. “అబ్బయ్యకి అదేగదా ఉద్యోగం! తెలవకుండా చెప్తాడా?” అంది. మాస్టారు కాసేపు మోకాలు నిమురుకుని, “సరే, నీ మాటమీద పెడతా ఉండా. చూడు మరి” అన్నారు. మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన చదివించడానికి ఏర్పాటయింది.

ఆ ఊళ్లో బావులన్నీ ఉప్పు. ఆ నీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అందుకని పెళ్లంటే ముందు నుంచే మంచినీళ్లు బండ్లమీద పీపాలతో తెప్పించి నిలవ చేస్తారు. వంటకి, తాగడానికి బానల్లో. చుట్టాల స్నానాలకీ, గిన్నెలు కడగడానికీ అన్ని బానలెక్కడివి? పక్కింటి పోలయ్య సముద్రానికి పనికిరాని తన పాత పడవని ఇచ్చాడు. దాన్ని పెరట్లోకి లాక్కొచ్చి నీళ్లతో నింపారు. ప్రధానమైన మర్నాటి నుంచీ ఆ పడవ నిండుతూనే ఉంది. కాబోయే అల్లుడి హోదాలో నేను సెలవురోజుల్లో వెళ్లి దాని చుట్టూ తిరిగి వస్తుండేవాణ్ణి.

ఒకరోజు సుగుణ పిలిచింది. “ఏమండీ, ఈ నీళ్లల్లో పురుగులు గంతులేస్తా ఉండాయి. ఇవి దోమపిల్లలు గదా? పాత తెరచాప ఉంటే కప్పేద్దామా?”

అవి దోమపిల్లలే. అసలా చారల దోమకి మురికినీళ్లు గిట్టవు, ఇలాంటి శుభ్రమైన నీళ్లే కావాలి. చూడగానే పారబోయించడం నా ఉద్యోగ ధర్మం. కాని కప్పించానంటే, పారబోయించానంటే, మాస్టారికి అనుమానం వస్తుంది. పెళ్లి వానల తర్వాతకి పోతుంది. అందుకని నవ్వాను. ఎంత దరిద్రపు నవ్వో నాకు ఇప్పటికీ గుర్తుంది.

“పిచ్చిదానా, దోమ ఒట్టి బండి. వైరస్ బండివాడు. ఈ ఊళ్లో బండివాడే లేడు. ఒట్టి బండ్లు ఎన్ని తిరిగితే మనకేం?”

“బండివాడు ఇంకో ఊర్నించి రాకూడదా?”

“వచ్చినా మనకి పాత పరిచయమే. మనల్ని ఏమీ చెయ్యలేడు.”

ఆ అమ్మాయి నన్ను అదోలా చూసి లోపలికి పోయింది. అది మెచ్చుకోలు చూపనుకుని నేను సైకిలెక్కాను.

మొదటి ప్రకటన చదివిన ఆదివారం మద్రాసు బావమరిది దిగాడు. దావీదు మామ. హార్బరులో పని, మంచి మాటకారి. దిగడం దిగడమే మంచమెక్కాడు.

“ఒళ్లు కొంచెం వెచ్చంగా ఉండాది. అంతే. రైల్లో ఎండ” అన్నాడు కళ్లు ఎర్రగా పెట్టుకుని.

“ప్రయాణం బడలిక” అని నేను తేల్చేశాను. దోమలు పట్టేవాడు వైద్యం కూడా చెబుతుంటే ఎవరూ అడ్డుకోలేదు, అదే విచారం. వరండాలో పట్టపగలు మామ పంచె మోకాళ్లదాకా జారి ఉంది. ఆ పిక్కలమీద చారల దోమలు బంతి భోజనానికి కూచున్నట్టు కూచున్నాయి. అత్తగారూ మరదళ్లూ అక్కడే ఉన్నారు. నా పనితనం చూపించడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. జేబులోంచి గొట్టం తీసి, వంగి, చప్పున ఒకదాన్ని పీల్చాను. కడుపు నిండా మామ రక్తంతో ఎర్రగా మెరుస్తోంది.

“చూశారా, కాళ్లకి తెల్ల కడియాలు! ఇది ఆడది. ఆడదోమే కుడుతుంది.”

“అబ్బో!” అన్నారు మరదళ్లు. “ఇప్పుడు దాన్ని ఏం చేస్తారు బావా?”

అప్పుడు నేను చేసిన పని ఈ భూమ్మీద ఏ దోమల ఉద్యోగీ చేసి ఉండడు. ఔదార్యం పొంగుకొచ్చింది. “పెళ్లివారిల్లు గదా, పాపం, పోనీలే” అని గొట్టంలోంచి దాన్ని బయటికి ఊదేశాను. అది తిన్నగా మాస్టారి గదిలోకి ఎగిరిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచి అందుకున్నాను.

రెండో ప్రకటన అయింది. మూడోది కూడా అయింది. ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని పాదిరిగారు అడిగితే ఒక్కరూ లేవలేదు. అభ్యంతరం ఉన్నదానికి ఆరుకాళ్లూ రెక్కలూ ఉన్నాయి గాని, పలికే నోరు లేదు. మామ లేచి తిరుగుతున్నాడు. పెళ్లి ఇంకా మూడు రోజులుందనగా కబురొచ్చింది, మాస్టారు పడిపోయారని.

వెళ్లేసరికి మంచంమీద మూలుగుతున్నారు. నన్ను చూసి వేలు పైకెత్తబోయి, వేలు కూడా నొప్పై దించేశారు.

“ఏంది అబ్బయా ఇది?”

“ఎండదెబ్బ అయి ఉంటుందండీ.”

“ఎండదెబ్బకి ఎముకలు ఇరుగుతాయా? ఇది అదే! నాకు తెలవదా? పోయినేడు దీంతో కాపరం చేసినా నేను! రాదన్నావు గదా? పూచీ అన్నావు గదా?”

సైకిలెక్కి వెళ్లి మా డాక్టరుగారిని తీసుకొచ్చాను. ఆయన మాస్టారిని చూశారు, మామని అడిగారు, పెరట్లోకి నడిచి పడవలోకి తొంగిచూశారు. తిరిగొచ్చి నన్ను చూశారు. ఆ చూపు కన్నా జ్వరం నయం.

“మాస్టారూ, ఈ వైరస్ ఒకటి కాదు, నాలుగు రకాలు. ఒక రకం వచ్చిపోతే దానికే మనకి రక్షణ. మిగతా వాటికి తలుపు తీసే ఉంటుంది. పోయినేడు మీ ఊరొచ్చింది ఒకటి. మద్రాసునించి మీ బావమరిది తెచ్చింది ఇంకొకటయి ఉంటుంది. ఆయన్ని కుట్టిన దోమలో అది వారం పదిరోజులు ముదిరి, మిమ్మల్ని కుట్టినప్పుడు మీకొచ్చింది. రెండోసారి ఒక్కోసారి గట్టిగా వస్తుంది, జాగ్రత్తగా చూసుకోవాలి. ఇదంతా నేను మా వాళ్లకి వివరంగా చెప్పాను.” నావైపు తిరిగారు. “‘అయితే’ అన్నాక గురక వినిపించింది. అది నీదే గదయ్యా?”

మరదళ్లకి గొట్టం గుర్తొచ్చింది కాబోలు, ఇద్దరూ ఒకేసారి నోటికి పైట అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మాస్టారికి ఏమైనా అవుతుందేమోనని నిజంగా భయపడ్డాను. పెళ్లి సంగతి ఆ క్షణాన మర్చిపోయాను. గుర్తు చేసింది అత్తగారు.

“పెండ్లి ఆపేద్దామా ఏంది?”

సుగుణ గుమ్మంలో నిలబడి ఉంది. నావైపు చూడలేదు. మాస్టారు కళ్లు మూసుకునే అన్నారు: “మూడుసార్లు చదివించినాం. ఆపేదిలేదు. నేను వంగిపోయైనా వస్తా. ఆ పడవ మాత్రం వాడే తోడి పొయ్యాల. వాడొక్కడే.”

తోడాను. నలుగు పెట్టిన ఒంటితో, చెంబుతో, పడవెడు మంచినీళ్లు. ఉప్పూళ్లో మంచినీళ్లు పారబోస్తున్న పెళ్లికొడుకుని చూడ్డానికి జనం గోడలెక్కారు. పోలయ్య చుట్ట కాల్చుకుంటూ, “ఆ మూల ఇంకా ఉండాయి సామీ” అని చూపిస్తూ కూచున్నాడు. బానలకి తెరచాప గుడ్డలు సుగుణే కట్టింది. చుట్టాలు ఉప్పునీళ్లతోనే స్నానాలు చేసి, అల్లుడి పేరు చెప్పుకుని ఒళ్లు గోక్కున్నారు.

పెళ్లిరోజు డాక్టరుగారు ఎంత వద్దన్నా మాస్టారు లేచారు. సుగుణ ఆయన నడుం పట్టుకుని అడుగులో అడుగు వేయిస్తూ తీసుకొచ్చింది. “ఈ వధువును ఇచ్చువారెవరు?” అని పాదిరిగారు అడిగితే ఆయన “అబ్బా!” అని మూలిగారు. దాన్నే జవాబుగా తీసుకుని పాదిరిగారు ముందుకి సాగారు. తర్వాత నా వంతు. కలిమిలోను లేమిలోను అన్నాను. వ్యాధిలోను ఆరోగ్యములోను అని పలకబోతుంటే వెన్నులోంచి చలి పుట్టింది. “వ్యా... వ్యా... వ్యా...” తర్వాతి మాట పక్కన నిలబడ్డ సుగుణే చెవిలో అందించింది. ఆ అమ్మాయి చెయ్యి చల్లగా ఉందనుకున్నాను. కాదు, నాదే కాలిపోతోంది.

మా పెళ్లయిన మొదటి వారం నేను గడిపింది పెళ్లికూతురితో కాదు, మామగారితో. ఒకే గదిలో రెండు మంచాలు, రెండు దోమతెరలు. మాకు జావలు పోసి, గంజి తాగించి, పెళ్లికూతురు అలిసిపోయింది. తనకి మాత్రం ఈ కొత్త రకం రాలేదు. మిగతా రకాలన్నీ ఆమెను చూసి భయపడ్డాయని నా నమ్మకం.

జ్వరం దిగిన రోజు మాస్టారు దోమతెరలోంచి పిలిచారు.

“అబ్బయా, నాలుగు రకాలన్నాడు గదా డాక్టరు?”

“అవునండీ.”

“మనకి రెండు అయిపోయినాయి. ఇంక రెండు మిగిలుండాయి.”

“అవునండీ.”

“నాక్కూడా ఇంక ఇద్దరు కూతుళ్లు మిగిలుండారు. వాళ్ల పెండ్లిళ్లలో నువ్వు నోరు తెరవబాక.”

అక్కడే, ఆ దోమతెర సాక్షిగా, పడుకునే చెయ్యెత్తి ప్రమాణం చేశాను. మనుషులకి పూచీ పడతాను, ఎద్దులకి పడతాను, ఎన్నికల్లో నిలబడ్డవాళ్లకి కూడా పడతానేమో గాని, దోమ తరఫున మాత్రం బొందిలో ప్రాణముండగా ఎవరికీ మాట ఇవ్వను. ఎవరు ఏ పాఠం చెబుతున్నా “అయితే” అన్నాక కన్ను మూయను.

మాట తప్పలేదు. మరదళ్లిద్దరి పెళ్లిళ్లలోనూ పెదవి విప్పలేదు. తడిగా కనబడ్డ గిన్నెనల్లా బోర్లించుకుంటూ తిరిగానంతే. చిన్నదాని పెళ్లిలో నేను బోర్లించిన వాటిలో పాయసం గుండిగ కూడా ఒకటుంది. దానికి మామగారు ఏమన్నారో చెప్పమంటారా? నోరు తెరవనని ఒట్టు వేశాను గదండీ.