తాతయ్య కంటికి అన్నీ వంకరే

మా తాతయ్య కంటికి తిన్నగా కనిపించిన సర్ఫ్‌బోర్డు ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదు. అలల మీద నిలబడి తేలడానికి జనం వాడే ఆ పొడుగాటి బల్లను ఎవరు తెచ్చి ముందు పెట్టినా, ఆయన ఒక కన్ను మూసి, రెండో కంటితో ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, నాలుక చప్పరించి, "వంకర" అంటాడు. అంతే తీర్పు. దాని మీద అప్పీలు లేదు. అందుకే బీచిలో అందరూ ఆయన్ని వంకర తాత అంటారు. మనిషి మాత్రం కొలబద్దలా నిటారుగా ఉంటాడు.

ఊళ్లోవాళ్ల బోర్డులను అంటే మాకేం నష్టం లేదు. ఆయన తిట్టేవి మా అమ్మ బోర్డులు. సముద్రం ఒడ్డున అమ్మకు చిన్న దుకాణం ఉంది. బోర్డులు అద్దెకిస్తుంది, అమ్ముతుంది. ఖరీదైనవేం కావు. ఫ్యాక్టరీలో ఒకే అచ్చులో పోసి వరసగా తీసేవి. లోపల థర్మోకోల్ లాంటి తేలిక సరుకు, పైన మెత్తటి పొర, అడుగున నున్నటి ప్లాస్టిక్ రేకు, తోక దగ్గర రెక్కలు, కాలికి కట్టుకోవడానికి ఒక తాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అవే మంచివి. ఎగిరొచ్చి నెత్తిన పడ్డా బొప్పి కట్టదు.

ఒకదాన్ని చూస్తే అన్నిటినీ చూసినట్టే అని నేను అనుకుంటాను. అమ్మ అనుకోదు. లారీ వచ్చిన రోజు ఆమె ప్రతి అట్టపెట్టెనూ స్వయంగా విప్పుతుంది. పొర ఎక్కడైనా లేచిందేమో అని వేళ్లతో తట్టి వింటుంది. బొటనవేలితో నొక్కి, ఆ సొట్ట మళ్లీ పైకి లేచేదాకా కాచుకుని కూర్చుంటుంది. జిగురు వాసన చూస్తుంది. రెక్కలు పట్టుకుని గుంజుతుంది. నచ్చనిదాన్ని అదే లారీలో వెనక్కి ఎక్కిస్తుంది. ఆ లారీ డ్రైవరుకు మా అమ్మ పేరు చెబితే ఇప్పటికీ దాహం వేస్తుంది.

ఆ సమయంలో తాతయ్య కుర్చీలో వెనక్కి వాలి, టోపీ మొహం మీదికి లాక్కుని కునుకు తీస్తుంటాడు.

"నాన్నా, నువ్వూ ఒకసారి చూడరాదూ? వంకరేదైనా ఉంటే ఇప్పుడే పంపించేద్దాం."

"పొడి బోర్డును చూసి ఏం చెబుతామే? తడవాలి. తడిస్తేగాని దాని బుద్ధి బయటపడదు."

ఆయన ఒకప్పుడు వడ్రంగి. తలుపులు చేసేవాడు. తను చేసిన తలుపు ఒక్కటి కూడా కిర్రుమనలేదని ఆయనే చెబుతాడు. తలుపులు ఏమంటాయో నేను కనుక్కోలేదు. చేత్తో చిత్రిక పట్టిన మనిషికి అచ్చులో పోసిన సరుకంటే చిన్నచూపు కాబోలు అని ఇంట్లో అందరం సర్దుకున్నాం.

సర్దుకోలేనిది అమ్మ ఒక్కతే. ఒకరోజు పళ్ల డాక్టరు ఒకాయన వచ్చాడు. అలల్లోకి వెళ్లాడు, పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. చివరికి బోర్డు చంకన పెట్టుకుని, ముక్కులోంచి సముద్రం కారుతుండగా, తలొంచుకుని తిరిగొచ్చాడు.

"ఈ జన్మకి నా వల్ల కాదు పెద్దాయనా. మా ఆవిడ చెబుతూనే ఉంది."

"ఏదీ, ఇలా ఇవ్వండి." తాతయ్య కన్ను మూశాడు. "అబ్బే! దీన్ని బోర్డంటారా డాక్టరుగారూ? ముక్కు చూడండి, ఎడమకి తిరిగిపోయింది. వంకర. దీని మీద కాకి వాలినా జారిపడుతుంది. మీరు అంతసేపు ఎలా ఉన్నారో నాకర్థం కావట్లేదు."

"అంతసేపేం లేనండీ. ఎక్కీ ఎక్కగానే..."

"ఎక్కారా? దీని మీదికి ఎక్కగలిగారా!"

డాక్టరుగారి ఛాతీ కాస్త ముందుకొచ్చింది. లోపల అమ్మ పళ్లు నూరుతోంది. పళ్ల డాక్టరు గుమ్మంలోనే ఉన్నాడు కాబట్టి ఆ పళ్లకి వచ్చిన భయం లేదు.

తాతయ్య లోపలికెళ్లి ఇంకో బోర్డు తెచ్చి, అటూ ఇటూ చూసి, "ఇది కాస్త నయం" అని చేతిలో పెట్టాడు. ఆయన నోట అంతకుమించిన పొగడ్త మేము వినలేదు. డాక్టరుగారు ఆ సాయంత్రం దాకా నీళ్లలోనే ఉన్నాడు.

రోజూ ఇదే వరస. ఒక బోర్డుకి తోక బరువు. ఒకదానికి నడుము బిగువు లేదు. ఒకదాని రెక్క అయితే, "ఇది భోజనాల వేళ బిగించారు. బిగించినవాడి మనసు అన్నం మీదుంది" అన్నాడు. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి, నువ్వు కదిలావంటే నువ్వు కదిలావని పోట్లాడుకుంటూ వస్తే, ఇద్దరి మధ్యా బోర్డు నిలబెట్టి, "కదిలింది ఇది" అని తేల్చేశాడు. వాళ్లు చేతులు పట్టుకుని వెళ్లారు. అమ్మ తల పట్టుకుని కూర్చుంది.

ఇక నా సంగతి. నా చదువు సగంలో ఆగింది. మిగతా సగం బడివాళ్లే ఉంచేసుకున్నారు. అప్పటినుంచీ దుకాణంలో అమ్మకి తోడుగా ఉంటున్నాను. ఖాళీగా ఉన్నప్పుడు ఏదో ఒక అల్లరి చెయ్యకపోతే నాకు తోచదు. ఒకసారి రిటైరైన పంతులమ్మగారు పడి వస్తే, తాతయ్య ఆ బోర్డును పుట్టు వంకర అన్నాడు. నేను దాన్ని వెనకవైపు తీసుకెళ్లి, తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, రెండో గుమ్మంలోంచి మళ్లీ తెచ్చాను.

"తాతయ్యా, ఇదిగో వేరేది."

ఆయన కన్ను మూసి చూశాడు. నొక్కాడు. తట్టాడు. "ఆఁ, ఇది కాస్త నయం."

నేను నోట్లో గుడ్డ కుక్కుకుని లోపలికి పరుగెత్తాను. "అమ్మా! మీ నాన్నకి బోర్డుల గురించి ఓనమాలు కూడా రావు!" ఓనమాలు దాటి పెద్ద దూరం వెళ్లని నేను ఆ మాట అనడం నాకే ముచ్చటేసింది. అమ్మ మాత్రం నవ్వలేదు.

"రాకపోతే నోరు మూసుకుని కూర్చోవచ్చుగా," అంది. "నేను ఒక్కొక్కటీ ఏరి తెచ్చుకుంటాను. ఆయన నలుగురిలో దాని పరువు తీస్తాడు."

పరువు పోతూ పోతూ దుకాణం మీదికి వచ్చింది. బీచి అవతలి కొసన పాటలు మోగిస్తూ బోర్డులు అద్దెకిచ్చే పెద్ద దుకాణం ఒకటి వెలిసింది. మాది వంకర బోర్డుల కొట్టని ఎవరో అన్నారు, అందరూ అందుకున్నారు. అద్దెకి అడిగేవాళ్లు తగ్గిపోయారు. సరిగ్గా అప్పుడు ఈతబడి మాస్టారు కబురు పెట్టాడు. వాళ్ల బడిలో సర్ఫింగ్ కూడా నేర్పిస్తారట. భార్యాభర్తలు వచ్చి చూసి, నచ్చితే లారీడు బోర్డులు మా దగ్గరే కొంటారట.

ఆ సాయంత్రం అమ్మ తాతయ్య ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"నాన్నా, ఈ బేరం కుదిరితే దుకాణం నిలబడుతుంది. లేదంటే షట్టరు దించేసి తాళం ఇచ్చేయడమే. రేపు ఒక్కరోజు ఆ మాట అనకు."

"ఏ మాట?"

"ఆ మాటే."

"కనపడుతుంటే అనకుండా ఎలా ఉంటానే?"

"కన్ను మూసుకో. రెండోది కూడా."

తాతయ్య సరేనన్నాడు. అన్నట్టుగానే మర్నాడు కుర్చీలో రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, ఫోటోకి కూర్చున్నవాడిలా కూర్చున్నాడు.

మాస్టారు వచ్చాడు. పెద్ద పొట్ట, దాని మీద ఈల, ఈల మీద మీసం. వినేవాళ్లందరూ నీళ్ల అడుగున ఉన్నట్టు మాట్లాడతాడు. ఆయన భార్య చిన్నమనిషి, నెమ్మదస్తురాలు. ముందు ఆవిడ బోర్డు తీసుకుని వెళ్లింది. ఎక్కబోయింది, పడింది. మళ్లీ ఎక్కబోయింది, మళ్లీ పడింది. ఒడ్డు మీంచి మాస్టారు ఈల వేశాడు.

"చూశారా! ఈతబడి ఇంట్లో ఉండి ఇదీ వరస! కుర్చీ ఎక్కి బల్బు మార్చమంటేనే వణుకుతుంది, అల మీద నిలబడుతుందిట!"

చుట్టూ ఉన్నవాళ్లు మొహమాటానికి నవ్వారు. ఆవిడ బోర్డు ఈడ్చుకుంటూ వచ్చింది. "నా వల్ల కాదులెండి" అంది. చాలాసార్లు అని అలవాటైపోయిన మాటలా అంది.

తాతయ్య కన్ను ఒకటి మెల్లగా తెరుచుకోవడం నేను చూశాను. అమ్మ కూడా చూసి దగ్గింది. ఇంకాస్త గట్టిగా దగ్గింది. చివరికి డాక్టరుకి చూపించాలేమో అన్నంత దగ్గింది. లాభం లేకపోయింది.

"ఆ బోర్డు ఇలా తేమ్మా," అన్నాడు తాతయ్య. ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. నాలుక చప్పరించాడు. "వంకర. దీని మీద ఎవరు నిలబడతారమ్మా? నీ తప్పేం లేదు."

అమ్మ దగ్గు ఆగిపోయింది.

"ఏమిటీ!" మాస్టారు కేక పెట్టాడు. "వంకర బోర్డులా మీరు మాకు అంటగట్టేది?"

"అబ్బే, అదేం లేదండీ. మా నాన్న పెద్దాయన, కళ్లు సరిగా..." అంది అమ్మ.

"నా కళ్లకేం?" అన్నాడు తాతయ్య.

ఆయన బోర్డు పట్టుకుని దుకాణం వెనక్కి వెళ్లి, బోర్డుతో తిరిగొచ్చాడు. "ఇది కాస్త నయం. వెళ్లిరామ్మా." ఆవిడ భర్త వంక చూడకుండా వెళ్లింది. ఈసారి మోకాళ్ల మీద లేచింది. తర్వాత నిలబడింది. రెప్పపాటే. కానీ నిలబడింది! పడిపోతూ కూడా ఆవిడ వేసిన కేక ఒడ్డుదాకా వినిపించింది. ఈల మాస్టారి నోట్లోనే ఉండిపోయింది.

"ఓస్, ఇంతేనా? మంచి బోర్డు దొరికితే ఎవరైనా నిలబడతారు. ఇలా ఇవ్వు," అని ఆవిడ చేతిలోంచి దాన్ని లాక్కుని ఆయనే దిగాడు.

ఆ తర్వాత జరిగింది వివరంగా రాస్తే ఈతబళ్లకి చెడ్డపేరు వస్తుంది. ఒకసారి ముందుకి పడ్డాడు, ఒకసారి వెనక్కి పడ్డాడు, ఒకసారి ఎటు పడ్డాడో ఎవరికీ తెలియలేదు, బోర్డు ఒక్కటే పైకి వచ్చింది. చివరికి మీసం కిందికి వాలి, ఈల నిండా నీళ్లతో ఒడ్డెక్కాడు. అందరూ చూస్తున్నారు. భార్య తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మాస్టారు బోర్డు తెచ్చి తాతయ్య ముందు నిలబెట్టాడు. అంతటి గొంతూ గుసగుసలోకి దిగింది.

"పెద్దాయనా... దీన్ని కూడా కాస్త చూడండి."

వంకర అంటే బేరం పోతుంది. బాగుందంటే భార్య ఎదుట, ఇంతమంది ఎదుట ఆ మనిషి పరువు పోతుంది. అమ్మ బల్ల అంచు పట్టుకుంది. తాతయ్య ఈ కొస నుంచి చూశాడు, ఆ కొస నుంచి చూశాడు, తిరగేసి చూశాడు. అంతసేపు ఆయన ఏ బోర్డునీ చూడలేదు.

"బోర్డు బాగుంది," అన్నాడు.

నాకు నా చెవుల మీద అనుమానం వచ్చింది. మాస్టారు మొహం పాలిపోయింది.

"రెక్కలు గట్టిగా ఉన్నాయి. జిగురు బాగా పట్టింది. మా అమ్మాయి ఏరి తెచ్చింది, వంక పెట్టడానికి లేదు." తాతయ్య కుర్చీలోంచి లేచాడు. సముద్రం వైపు తిరిగాడు. ఒక కన్ను మూసి, ఒడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా నింపాదిగా చూశాడు. నాలుక చప్పరించాడు.

"సముద్రమే వంకరగా ఉందండీ. ఇందాక అమ్మగారు దిగినప్పుడు తిన్నగానే ఉంది. మీరు దిగేవేళకి ఇలా అయింది."

మాస్టారు వెనక్కి తిరిగాడు. ఆయన కూడా ఒక కన్ను మూశాడు.

"అవునవును," అన్నాడు, పోయిన గొంతు తిరిగి వస్తుండగా. "ఎడమ పక్క కాస్త పైకి లేచింది."

"అదే నేనూ అంటున్నా."

ఆవిడ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని గబగబా లోపలికి వచ్చింది. నవ్వు ఆపుకోవడానికి కాసేపు పట్టింది. తర్వాత అమ్మతో అంది, "మొత్తం తీసుకుంటామండీ. ఆయనకి నేను చెబుతాను." ఇంకాస్త దగ్గరికి జరిగింది. "మీ నాన్నగారు నాకిచ్చిన రెండో బోర్డు, మొదటిదే. తోక దగ్గర నా గోరు గీసుకుంది. ఎక్కేటప్పుడు ఆ గీత కనపడింది."

"మరి అప్పుడే అనలేదేం?" అన్నాను నేను.

"అంటే మళ్లీ పడేదాన్ని." ఆవిడ బయట కూర్చున్న తాతయ్య వంక చూసింది. "ఆదివారాలు ఆయన్ని మా బడికి పంపిస్తారా? ఒకసారి పడ్డ పిల్లలు మళ్లీ రారండీ. మావారు ఈల వేస్తే అసలే రారు."

నేను తువ్వాలుతో తుడిచి తెచ్చిన బోర్డు గుర్తొచ్చింది. దాన్ని ఆయన గుర్తుపట్టకపోవడమేమిటి! లారీ రోజున కొత్త బోర్డుల వైపు కన్నెత్తి చూడకపోవడం కూడా గుర్తొచ్చింది. చూడాల్సిన పనేముంది, వాటి మీంచి ఇంకా ఎవరూ పడలేదుగా.

సాయంత్రం షట్టరు దించుతూ అమ్మ అడిగింది. "నాన్నా, నిజం చెప్పు. నా బోర్డులు ఎలా ఉంటాయి?"

"బంగారంలా ఉంటాయే."

"మరి రోజూ అన్నేసి మాటలు అంటావేం?"

"మంచివి కాబట్టే అంటాను. ఎన్నన్నా పడతాయి. నిజంగా బాగోలేనిదాన్ని పట్టుకుని మొహం మీద అలా అనగలనటే? పాపం, అది తట్టుకోవద్దూ?"

అమ్మ చాలాసేపు తాళం వేస్తూనే ఉంది. అంత సేపు పట్టే తాళం కాదది. తర్వాత ముగ్గురం నవ్వుకుంటూ ఇంటిదారి పట్టాం.

సగం దారిలో నా నవ్వు ఆగిపోయింది. పుట్టిందగ్గర్నుంచీ తాతయ్య నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. చదువు మానేసినప్పుడు కూడా ఒక్క మాట అనలేదు.

"తాతయ్యా, నన్నెప్పుడూ ఏమీ అనవేం?"

ఆయన ఆగాడు. ఒక కన్ను మూసి నన్ను నెత్తి నుంచి కాళ్ల దాకా చూశాడు.

"పద పద, పొద్దుపోయింది," అని నడిచాడు.