ముడులు విప్పిన పూట

మా ఆవిడ మొదటి కాన్పు కోసం నేను రాసుకున్న జాబితాలో ముప్పై నాలుగు అంశాలున్నాయి. డిప్లొమా ముగించి సాగర్ కుడి కాలువ మీద సూపర్‌వైజరుగా చేరి అప్పటికి మూడేళ్ళు. కొలతలు రాసే లెవెల్ బుక్కులో ఎక్కని పని జరగనట్టే లెక్క అని మా ఆఫీసులో ఒక నమ్మకం. అందుకని ఆ బుక్కులోనే కొత్త పేజీ తిప్పి, స్కేలు పెట్టి గీతలు కొట్టి రాశాను. కొత్త బ్లేళ్ళు రెండు. నూలు దారం. ఉతికి ఎండలో ఆరేసిన పాత పంచెలు ఆరు. సబ్బు. ఆముదం. లాంతరు ఒకటి. అది పగిలితే ఇంకొకటి.

మొదటి పురుడు పుట్టింట్లోనే పోయాలి కాబట్టి ఏడో నెలలో ఆవిడ నూజెండ్ల దగ్గరున్న తన ఊరికి వెళ్ళింది. నేను పనిచేసే గురజాల నుంచి ఆదివారం ఆదివారం రెండు బస్సులు మారి వెళ్ళేవాణ్ణి. వెళ్ళిన ప్రతిసారీ చేతిలో ఒక మూట ఉండేది. మా మామగారు ఆ మూట వంక చూసేవారు, నా వంక చూసేవారు, "బాగుంది" అనేవారు. అంతకు మించి ఆయన అల్లుడితో మాట్లాడగా నేను వినలేదు.

అయితే కొరత సామానుకి కాదు, ధైర్యానికి. అంతకు ముందు ఏడాది మా వదినగారికి, అంటే మా ఆవిడ అక్కకి, నొప్పులు మధ్యలో ఆగిపోతే జీపులో పట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించారు. తల్లీ బిడ్డా నిక్షేపంగా ఉన్నారు. కానీ ఆ కథ ఊళ్ళో నడిచి నడిచి బలిసింది. "అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే అచ్చు. దీనికీ కోతే, చూస్తా ఉండండి" అని వచ్చినవాళ్ళందరూ అనడమే. మా ఆవిడకి తన ఒంటితో తనే కనాలని పంతం. వినగా వినగా ఆ పంతానికి బీట పడుతోందని నాకు తెలుస్తోంది. బీటల సంగతి నాకు తెలుసు. కాలువ గట్టుకైతే ఏం చెయ్యాలో కూడా తెలుసు.

ఇక్కడ ఏం చెయ్యాలో తెలిసిన మనిషి ఆ వీధి చివర సైకిల్ షాపు సాయిబు గారి తల్లి. మంత్రసాని. ఊరంతా ఆమెను అవ్వ అనే పిలుస్తారు. ఆరోగ్య కేంద్రంలో శిక్షణ కూడా అయింది. నెలనెలా మా ఆవిణ్ణి నర్సమ్మ దగ్గరికి తనే నడిపించుకు వెళ్ళేది. మొదటి రోజే నాతో తేల్చి చెప్పింది.

"ఇను అల్లుడా. బిడ్డ అడ్డం తిరిగినా, నెత్తురు పోయినా నేను చెయ్యి పెట్టను. వినుకొండ ఆస్పత్రికి పంపిస్తా. అట్టాంటియ్యేం లేకపోతే మాత్రం నువ్వు నాకు అడ్డం రాబాక."

నిబంధనలు ఇంత స్పష్టంగా చెప్పే మనిషి మా డిపార్టుమెంటులో కూడా లేడు. నాకు వెంటనే గురి కుదిరింది.

అవ్వ చేసిన మొదటి పని, కాన్పు కథలు చెప్పేవాళ్ళను గడప దాటనివ్వకపోవడం. "మీ కతలు మీ కోడళ్ళకి చెప్పుకోండమ్మా" అని ఇద్దరు పెద్దావిడలను మొహం మీదే పంపేసింది. రెండోది తిరగలి. రోజూ సాయంత్రం మా ఆవిణ్ణి దాని ముందు కూర్చోబెట్టి శేరు కందులు విసిరించేది. పిండి కోసం కాదు, ఊపిరి కోసం.

"పిడి తిప్పేటప్పుడు ఊపిరి వదలమ్మా. బిగబట్టబాక. నొప్పొచ్చినా ఇంతే. పళ్ళు కరిచావంటే కింద కూడా కరుచుకుంటది. నోరు తెరువు. ఆఁ... అను."

"ఆఁ..." అనేది మా ఆవిడ.

"ఏందే, పిల్లికూన మాదిరి! బర్రె అరిచినట్టు అనాల."

మా ఆవిడ బర్రెలా అరిచేది. పాకలో ఉన్న బర్రె బదులు పలికేది. నేను వసారాలో కూర్చుని 'శ్వాస అభ్యాసం, ఇరవై నిమిషాలు' అని రాసుకునేవాణ్ణి.

నెలలు నిండాయి. పది రోజులు సెలవు పెట్టి వచ్చాను. తెచ్చిన సామానంతా పదకొండు మూటలు చేసి, ఒక్కోదానికీ నంబరు చీటీ కట్టి, వసారాలో ఉన్న ట్రంకు పెట్టెలో సర్ది తాళం వేశాను. మూటలు కట్టింది పురికొసతో. కాలువ పనిలో నేర్చుకున్న కిటుకు ఒకటుంది. పురికొసను తడిపి ముడేస్తే ఆరాక ఇనప గొలుసులా బిగుస్తుంది. పదకొండు మూటలకీ రెండేసి ముడులు, తడిపి వేశాను. తాళంచెవి పోకుండా మొలతాడుకి కట్టుకున్నాను. అదీ తడిపే.

ఒక రోజు తెల్లవారి పాలు పితికే వేళకి నొప్పులు మొదలయ్యాయి. అవ్వ వచ్చింది. మా వదినగారు వచ్చారు. మామగారు జీపు చెప్పి ఇంటి ముందు పెట్టించారు. నేను గడియారం, లెవెల్ బుక్కు పట్టుకుని గది గుమ్మంలో నిలబడ్డాను. నొప్పికీ నొప్పికీ మధ్య పన్నెండు నిమిషాలు. పది. తొమ్మిది. ఏడు. పట్టిక ముచ్చటగా వస్తోంది. ప్రతి అంకె పైకే చదివాను, ధైర్యంగా ఉంటుందని.

పదిన్నర దాటాక అంకెలు ఎదురు తిరిగాయి. పది. పద్నాలుగు. ఇరవై రెండు.

"ఇరవై రెండు" అని చదివాను.

 లోపల మా వదినగారు మెల్లగా, "నాకూ ఇట్టాగే ఆగినయ్" అన్నారు. మా ఆవిడ ఆ మాట విన్నది. నోరు మూసుకుంది. దవడలు బిగిశాయి. రెండు చేతులూ మంచం పట్టెను పట్టుకున్నాయి. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. నిమిషాల మధ్య ఏదో తెగిపోతోందని, దానికి నా పట్టికలో గడి లేదని అప్పుడు తెలిసింది.

అవ్వ మా ఆవిడ పొట్ట మీద చెయ్యి వేసి చూసింది, చెవి ఆనించి విన్నది. "బిడ్డ బెమ్మాండంగా ఉంది. బెదురు పిల్లకే" అంది. తర్వాత మామగారికి వినపడేట్టు, "ఎండ ఆ రోటి మీదకి వచ్చిందాకా చూద్దాం. అప్పటికీ కదలకపోతే జీపెక్కిద్దాం" అంది. రోటికీ ఎండకీ మధ్య మూడు అడుగుల దూరముంది. గంటన్నర అని లెక్క కట్టాను. పైకి చదవలేదు.

అప్పుడు మా అత్తగారు తలుపు చాటు నుంచి, "ఇంట్లో ముడులన్నీ ఇప్పమను, తాళాలు తియ్యమను. ఏదీ బిగదీసి ఉండకూడదు" అన్నారు. కాన్పు కష్టమైతే ఆ వైపు చేసే పనే అది.

"దానికీ దీనికీ సంబంధం ఏమిటి?" అన్నాను.

అవ్వ లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది. "సమ్మందం నాకు తెలవదు అల్లుడా. ఆ పిల్ల గంట నుంచి కడుపు సంగతి మర్సిపోయి నీ మొహమే చూస్తాంది, ఎంత చదువుతావో అని. పో. ముడులిప్పు. కోశావంటే పని జరగదు, ఇప్పాల. ఒక్కటి మిగిల్చావో, నీ పని చెప్తా."

ముందు ట్రంకు పెట్టె తాళం తియ్యాలి. దాని చెవి మొలతాడు మీద. ఆ ముడి నా పొట్టకి రెండంగుళాల కింద. మెడ ఎంత వంచినా నోరు అందలేదు. మామగారు నా ముందు కూర్చుని గోళ్ళతో పట్టి చూశారు. "ఎవరేశారు ఈ ముడి?" అన్నారు. అది ఆయన నాతో మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం. చివరికి ముడి ఊడి తాళంచెవి చేతికొచ్చింది, పెట్టె తెరిచాను. దాంతోపాటు లుంగీ ముడి కూడా ముడేనని మా అత్తగారు గుర్తుచేశారు. అది విప్పి, ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తోనూ పళ్ళతోనూ మూటల పని మొదలుపెట్టాను.

మామగారు వసారాలో కుట్టిపెట్టిన మిరపకాయ బస్తాల వైపు వెళ్ళారు. మూడు బస్తాల కుట్లు లాగేసరికి ఘాటు ఇల్లంతా కమ్మింది. ఆయన తుమ్ముకుంటూనే పాకలోకి వెళ్ళి బర్రె పలుపు విప్పారు. అది ఇన్నాళ్ళ పాఠాలు విన్న బర్రె. తిన్నగా కిటికీ దగ్గరికి వచ్చి, తల లోపల పెట్టి, చానా గంభీరంగా అరిచింది.

ఆ కిటికీలోంచి మా ఆవిడకి కనిపించింది ఇది. బర్రె మొహం. దాని వెనక పంచె జారుతుంటే తుమ్ముతూ పరిగెత్తుతున్న కన్నతండ్రి. దాని పక్కన ఒక చేత్తో లుంగీ పట్టుకుని, ఏడో నంబరు మూటను పళ్ళతో లాగుతూ, కళ్ళ నీళ్ళు కారుస్తున్న మొగుడు.

మా ఆవిడ నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత గొంతుతో, తర్వాత ఒళ్ళంతా. మంచం పట్టె వదిలేసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"అదీ! నోరు తెరిచింది!" అని అవ్వ కేక వేసింది. "కిటికీ మూయబాకండి! ఆ బర్రెను తోలబాకండి! అమ్మాయ్, లే. మీ అమ్మ బుజాలు పట్టుకో. కూసో. ఇసురు తిరగలి!"

నవ్వు మధ్యలోనే నొప్పి వచ్చింది. ఈసారి ఆవిడ నోరు మూయలేదు. ఆ అరుపు వీధి చివర సైకిల్ షాపు దాకా వినపడిందట. ఒకటి తగ్గేలోపు ఇంకొకటి. నాకు లోపలికి వెళ్ళే వీలు లేదు, వెళ్ళే ధైర్యమూ లేదు. ఎన్ని నిమిషాలకి ఎన్ని వచ్చాయో రాయలేదు. తొమ్మిదో మూట రెండో ముడి మీద ఉండగా ఇంకో కొత్త గొంతు వినపడింది.

ఆడపిల్ల. జీపు ఖాళీగా వెళ్ళిపోయింది.

అన్నీ సర్దాక అవ్వ నన్ను పిలిచింది. లుంగీ ముడేసుకునే అనుమతి అడిగి, వేసుకుని వెళ్ళాను. మా ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని, ఒళ్ళో పిల్లతో, గ్లాసుడు వేడి పాలు తాగుతోంది. మొహం ఎంత ఎర్రగా ఉందో అంత తేటగా ఉంది. మా వదినగారు పక్కన కూర్చుని చెల్లెలి తల దువ్వుతున్నారు, కళ్ళు తుడుచుకుంటూ. మిరపకాయల వల్ల అన్నారు.

"ఎలా ఉంది?" అన్నాను. అంతకన్నా మంచి ప్రశ్న ఏదీ తోచలేదు.

"నేనే కన్నా" అంది మా ఆవిడ. "మీరు చూశారా?"

"లేదు."

"అయితే కూర్చోండి. చెప్తా."

కూర్చున్నాను. మొదటి నొప్పి నుంచి చివరి ఊపిరి దాకా, చేతులు తిప్పుతూ, అక్కడక్కడ గర్వంగా అరిచి చూపిస్తూ, ఒక్కటీ వదలకుండా చెప్పింది. ఎప్పుడు భయపడిందో, ఆ భయం ఎప్పుడు పోయిందో, తల తగిలినప్పుడు ఎలా ఉందో, అవ్వ చెయ్యి ఎక్కడుందో అన్నీ వచ్చాయి. ఆ కథలో నేను ఒక్కసారి కూడా రాలేదు. బర్రె మాత్రం రెండుసార్లు వచ్చింది.